సమస్యాపూరణం: "పెట్టకున్న చేయి ప్రేమ చేయి"

ఈ వారం సమస్య (ఆటవెలది, నాలుగో పాదం):

పెట్టకున్న చేయి ప్రేమ చేయి

నిర్వాహకుడు: అన్నం పెట్టిన చేతినే లోకం మెచ్చుకుంటుంది. ఈ పాదం అందుకు ఎదురుగా నిలబడింది. విషయం ఒక్కటే: తిండి కనబడితే ఒళ్ళు మరిచిపోయే రెండు కుక్కలున్న ఇల్లు. అలాంటి ఇంట్లో ఈ మాట ఎలా నిజమవుతుందో మూడు పాదాల్లో చెప్పాలి. కొత్తవాళ్ళ కోసం నియమం మళ్ళీ చెబుతున్నాను. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి మైత్రి కుదరాలి. ప్రాసయతి కూడా చెల్లుతుంది. ఇచ్చిన పాదంలో పె–ప్రే యతి చూడండి.

ఇంకొక్క కోరిక. "పెట్టలేదు" అని ఊరుకుంటే అది పూరణ కాదు, పిసినారితనం. తిండి పెట్టని ఆ చేయి మరేం చేస్తోందో పద్యంలో కనబడాలి. నేను చూసేది ముఖ్యంగా అదే.

మొదటి పూరణ (రెండు లాబ్రడార్లను పెంచుతున్న సభ్యురాలు)

కనులు పెద్ద చేసి కడు జాలిగా చూడ
కరగి కంచమందు కబళ మిడకు
నేటి ముద్ద రేపు నేర్పును పేరాశ
పెట్టకున్న చేయి ప్రేమ చేయి

నిర్వాహకుడు: అమ్మా, ధార బాగుంది. "కడు జాలిగా చూడ" దగ్గర ఆ చూపు నాకు కళ్ళకు కట్టింది. మనం తింటున్నంతసేపూ గడ్డం మోకాలి మీద ఆనించి, ముద్ద ఎటు వెళితే అటు కళ్ళు తిప్పే కుక్కను చూసినవాళ్ళే ఆ మాట రాయగలరు. మూడో పాదం పద్యానికి ప్రాణం. రోజూ పెట్టడం కన్నా ఎప్పుడో ఒకసారి పెట్టడమే అడిగే అలవాటును గట్టిపరుస్తుంది. ఈసారి దొరుకుతుందేమో అన్న ఆశ చావదు కదా.

రెండో పాదంలో "కంచమందు" సరిపడలేదు. అలా అంటే కంచంలో పెట్టకు అని అర్థం. మీ ఉద్దేశం కంచంలోంచి తీసి పెట్టకు అని. "కరగి కంచె దాటి కబళ మిడకు" అంటే గణాలూ యతీ కదలవు, మనం గీసుకున్న హద్దు కూడా గుర్తుకొస్తుంది.

సభ్యురాలు: ధన్యవాదాలండీ, మార్చుకుంటాను. ఒక సంగతి చెప్పాలి. కంచంలోంచి పెట్టడం ఆపేసిన కొత్తలో రెండూ ఇంకా ఎక్కువ మొరిగాయి, కాళ్ళతో గీరాయి. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

నిర్వాహకుడు: అది మామూలే. పాత కిటుకు పనిచేయకపోతే మొదట దాన్నే ఇంకా గట్టిగా ప్రయత్నిస్తాయి. అప్పుడు ఒక్కరు లొంగినా, గట్టిగా మొరిగితే దొరుకుతుందని నేర్పినట్టే. ఇంటిల్లిపాదీ ఒకే మాట మీద ఉండాలి. భోజనాల వేళ వాటి పరుపులు దూరంగా వేసి, నమలడానికి ఏదైనా అక్కడే ఇచ్చి చూడండి. "రాకు" అనడం కన్నా "అక్కడ ఉండు" అని నేర్పడం వాటికి తేలిక.

రెండో పూరణ (పశువైద్యురాలు)

ద్రాక్ష తినిన కుక్క దారుణ రోగాన
పడును గాదె యుల్లి బలము తీయు
చాకొలేటు గుండె జడిపించు నెరిగియే
పెట్టకున్న చేయి ప్రేమ చేయి

నిర్వాహకుడు: డాక్టరు గారూ, మూడు విషాలను మూడు పాదాల్లో సర్దారు. ద్రా–దా, ప–బ, చా–జ యతులు చక్కగా కుదిరాయి. "ఎరిగియే" అన్న ఒక్క మాటతో పెట్టకపోవడం తెలిసి చేసిన పని అయింది. రెండో పాదంలో "రక్త" అన్న మాట ఉంటే బాగుండును అనిపించింది.

పశువైద్యురాలు: మొదట "పడును నుల్లి రక్తబలము తీయు" అనే రాసుకున్నానండీ.

నిర్వాహకుడు: మార్చడమే మంచిదైంది. "పడును", "ఉల్లి" కలిస్తే "పడునుల్లి" అవుతుంది, మొదటి గణం చెడుతుంది. "గాదె యుల్లి" అన్నప్పుడు యడాగమం న్యాయంగా వచ్చింది. విషయం కొంచెం వివరిస్తారా? పద్యం చదివి ఇంట్లో జాగ్రత్త పడేవాళ్ళుంటారు.

పశువైద్యురాలు: ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా వండినవైనా పొడి చేసినవైనా ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. రక్తహీనత కొన్ని రోజుల తరువాత బయటపడవచ్చు. ద్రాక్ష, ఎండుద్రాక్ష వల్ల మూత్రపిండాలు పాడవుతాయి. ఇన్ని తింటే ఫరవాలేదు అని చెప్పగలిగే లెక్క లేదు. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్‌ను కుక్క ఒళ్ళు త్వరగా వదిలించుకోలేదు. చాక్లెట్ ఎంత నల్లగా ఉంటే అంత ప్రమాదం. పద్యంలో పట్టనిది ఇంకొకటుంది, చక్కెరకు బదులు వాడే జైలిటాల్. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో, కొన్ని వేరుశనగ వెన్నలలో ఉంటుంది. అది కుక్కలో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా పెంచి, రక్తంలో చక్కెరను పడగొడుతుంది. మందుబిళ్ళను ఆ వెన్నలో పెట్టి మింగించేవాళ్ళు డబ్బా మీద రాసింది చదవాలి. ఇవి ఏవైనా తిన్నట్టు తెలిస్తే లక్షణాల కోసం ఆగకుండా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. రెండు కుక్కల్లో ఏది తిన్నదో తెలియకపోతే రెండింటినీ తీసుకెళ్ళాలి.

మూడో పూరణ (పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు)

కూరుచున్న మెచ్చి కొసరుగా నొక ముక్క
యిచ్చి, దూకి రాగ నేమి యనక
వెనుక తిరిగి నిలిచి వేచి చూచుచు బాధ
పెట్టకున్న చేయి ప్రేమ చేయి

నిర్వాహకుడు: మాస్టారూ, నమస్కారం. సమస్యలోని "పెట్టకున్న"ను తిండి నుంచి విడదీసి "బాధపెట్టకున్న" చేశారు. ముక్క ఇచ్చిన చేయీ బాధపెట్టని చేయీ ఒకటే అయ్యేసరికి విరోధం దానంతటదే పోయింది. "రాగన్ + ఏమి" ద్రుతసంధి, ఇ–ఏ యతి, అన్నీ నిర్దుష్టం.

ఇది శిక్షణ పాఠం కూడా. కూర్చోగానే, కూర్చున్న ఆ క్షణంలోనే ముక్క అందాలి. ఆలస్యమైతే కుక్క లేచి నిలబడుతుంది, మెప్పు నిలబడినందుకు అనుకుంటుంది. దూకినప్పుడు అరిచినా, తోసినా దానికి అది ఆటే. మనం వెనక్కి తిరిగి నిలబడితే ఆట ఆగిపోతుంది. కుక్క నాలుగు కాళ్ళూ నేల మీద ఆనగానే మళ్ళీ ఇటు తిరగాలి.

మాస్టారు: సంతోషం నాయనా. కానీ మా ఇంట్లో ఒకదానికి ముక్క ఇస్తుంటే రెండోది మధ్యలో దూరుతోంది. ఏం చేయమంటావు?

నిర్వాహకుడు: మొదట విడివిడిగా నేర్పండి మాస్టారూ. ఒకటి మీ ముందు, రెండోది తలుపు అవతల. రెండింటికీ పాఠం వచ్చాక కలిపి కూర్చోబెట్టి, పేరు పిలిచినదానికే ముక్క ఇవ్వండి. కదలకుండా చూస్తున్న రెండోదాని పేరు వెంటనే పిలవండి. తన పేరు వచ్చేదాకా ఆగితే తనకూ వస్తుందని తెలిశాక మధ్యలో దూరడం తగ్గుతుంది. ముక్క చిటికెన గోరంత ఉంటే చాలు, వాటికి పరిమాణం కన్నా ఎన్నిసార్లు అన్నదే లెక్క.

నాలుగో పూరణ (మరో సభ్యురాలు)

ఒకటి మింగి వచ్చి యొకదాని గిన్నెలో
మూతి నుంచకుండ మూసి తలుపు
విడిగఁ బెట్టి కొసరు వేరొక్క సారియు
పెట్టకున్న చేయి ప్రేమ చేయి

నిర్వాహకుడు: మొదటి పాదంలో "ఒకటి... ఒకదాని" అన్నందుకు ఎవరిది ఎవరు తిన్నారో తేలలేదని ఆక్షేపించవచ్చు. నేను ఆక్షేపించను. కొన్ని ఇళ్ళలో ఇవాళ నల్లది దొంగ, రేపు తెల్లది దొంగ. మూడో పాదంలో "పెట్టి", నాలుగో పాదంలో "పెట్టకున్న", రెండు పనులూ ఒకే చేతివి. అడిగినదానికి సరిగ్గా జవాబు.

"మూసి తలుపు" అన్నది చిన్న మాటే కానీ రెండు కుక్కల ఇంట్లో సగం గొడవలు దానితో తప్పుతాయి. పక్కవాడు లాక్కుంటాడన్న భయంతోనే చాలా కుక్కలు నమలకుండా మింగుతాయి. గిన్నె మీద వంగి బిగుసుకుపోవడం, తినే వేగం హఠాత్తుగా పెరగడం, తల కదపకుండా ఓరచూపు చూడడం, ఇవి గుర్రుమనడానికి ముందే వచ్చే సూచనలు. గుర్రుమన్నందుకు కొట్టకండి. గుర్రుమనడం మానేసిన కుక్క హెచ్చరిక లేకుండా కరుస్తుంది. మరీ ఆత్రంగా మింగేదానికి మెట్టపల్లాలున్న గిన్నె వాడితే నెమ్మదిస్తుంది. ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతుల్లో ఆత్రంగా తినడం కడుపు ఉబ్బి మెలితిరిగే ప్రమాదాన్ని పెంచే కారణాల్లో ఒకటి.

ఐదో పూరణ (కాలేజీలో చదువుతున్న కొత్త సభ్యుడు)

కుక్క బల్ల యెక్కి గుట్టుగా తినె రొట్టె
కుక్కదేమి తప్పు మనదె గాని
దాచ నేర్చి పిదప దండించి వాతలు
పెట్టకున్న చేయి ప్రేమ చేయి

నిర్వాహకుడు: బాబూ, తొలి పద్యానికే "వాతలు పెట్టకున్న" అన్న విరుపు తట్టిందంటే నీకు మంచి చెవి ఉంది. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది. "కు"కి "మ"తో మైత్రి లేదు. అర్థం పోకుండా ఇలా చూడు:

మూతి కాదు తప్పు మూత లేమి

ఐదూ సూర్యగణాలే, మూ–మూ యతి. రొట్టె డబ్బాకు మూత లేకపోవడమే తప్పు. ఎప్పుడో తిన్నదానికి ఇప్పుడు దండిస్తే కుక్కకు కారణం అర్థం కాదు. చెవులు వాల్చి దొంగచూపు చూస్తే తప్పు ఒప్పుకుంటోంది అనుకుంటాం కానీ, అది మన కోపానికి బెదరడం. ఒక్కసారి బల్ల మీద రొట్టె దొరికితే ఆ బల్లను నెలల తరబడి వెతుకుతాయి. అందుకే "దాచ నేర్చి" అన్న నీ మాట నాకు చాలా నచ్చింది. నేర్చుకోవలసింది ముందు మనం.

ఆరో పూరణ (లెక్కల టీచరు)

కొలత గిన్నెతోడ కొలిచిన భాగాన
కొంత తీసి నేర్పు కొరకు దాచి
మిగిలినదియె పూట మీదట నొక గింజ
పెట్టకున్న చేయి ప్రేమ చేయి

నిర్వాహకుడు: ఈ వారానికి నా మనసు దోచిన పూరణ ఇది. ఈ పద్యంలో చేయి కొలుస్తుంది, తీస్తుంది, దాస్తుంది, ఆ తరువాతే ఆగుతుంది. "ఒక గింజ" దగ్గర మూడో పాదం ఆగి, నాలుగో పాదంలోకి జారడం ఎంత బాగుందో పైకి చదివి చూడండి.

శిక్షణకు ఇచ్చే ముక్కలు రోజు తిండిలోంచే తీయాలని చాలామందికి తోచదు. పూటకు పూట పెట్టి, పైన ముక్కలు వేరే లెక్క అనుకుంటారు. కొసరు ముక్కలు రోజు మొత్తం క్యాలరీల్లో 10 శాతం దాటకూడదని పశువైద్యులు చెప్పే మాట. 2002లో వెలువడిన ఒక పరిశోధనలో 48 లాబ్రడార్లను తోబుట్టువుల జంటలుగా పెంచి, ప్రతి జంటలో ఒకదానికి 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయువు 13 ఏళ్ళు, రెండోవాటిది 11.2 ఏళ్ళు. కీళ్ళ నొప్పులు కూడా తక్కువ తిన్నవాటికే ఆలస్యంగా వచ్చాయి. "పెట్టకున్న చేయి"కి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

లెక్కల టీచరు: మా ఇంట్లో రెండిటికీ కొలత ఒకటి కాదండీ. పక్కటెముకల మీద అరచేయి ఆనిస్తే చిన్నదానికి ఎముకలు తేలిగ్గా తగులుతాయి, పెద్దదానికి వెతుక్కోవాలి. దాన్నిబట్టి గింజలు తగ్గిస్తాను. అయినా పెద్దదాని ఆకలి తీరదు. నా పెంపకంలో లోపమా అని బాధ.

పశువైద్యురాలు: కాదమ్మా. 2016లో ఒక పరిశోధన లాబ్రడార్లలో పీవోఎంసీ అనే జన్యువులో మార్పును కనిపెట్టింది. నాలుగింట ఒక లాబ్రడార్‌కు అది ఉంటుంది. తిన్నది చాలు అన్న సంకేతం వాటికి సరిగా అందదు. వాటి ఆకలి నిజమైనదే, కాబట్టి విసుక్కోవద్దు. గింజల్ని గిన్నెలో పోయకుండా పచ్చిక మీద చల్లినా, బొమ్మల్లో కూరి ఇచ్చినా అదే కొలతతో ఎక్కువసేపు తింటాయి. అయితే ఇంతకుముందు లేని ఆకలి ఉన్నట్టుండి వస్తే అది వేరు. మధుమేహం, కుషింగ్ వ్యాధి, పురుగులు, స్టెరాయిడ్ మందులు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. పరీక్ష చేయించాలి.

ఏడో పూరణ (వీధికుక్కలను చేరదీసే సభ్యుడు)

ఆకలెరిగి వచ్చె నాశ్రయ మడుగుచు
వేళ కింత పెట్ట వెరపు తీరు
ఎట్టు లందు నింక నేనాటి కైనను
పెట్టకున్న చేయి ప్రేమ చేయి

సభ్యుడు: క్షమించండి, నేను సమస్యను ఒప్పుకోలేకపోయాను. నా దగ్గరున్న రెండూ పస్తులతో పెరిగినవి.

నిర్వాహకుడు: క్షమించడానికేముందండీ, పాదాన్ని ప్రశ్నగా మార్చి కాదనడం కూడా పూరణే. "వేళ కింత" అన్న రెండు మాటల్లో అసలు మందు చెప్పారు. పస్తులున్న కుక్కకు గిన్నె నిండా పోయడం కన్నా, ఏ పూట ఎప్పుడొస్తుందో తెలియడం ధైర్యం. అదే గంటకు, అదే చోట, అదే కొలత వస్తూ ఉంటే ఆత్రం మెల్లగా తగ్గుతుంది. బాగా చిక్కిపోయి వచ్చినదానికి మాత్రం ఒక్కసారిగా ఎక్కువ పెట్టడం ప్రాణానికే ముప్పు, ఎంతతో మొదలుపెట్టాలో డాక్టరు చెప్పాలి. మీ పద్యాన్నీ లెక్కల టీచరు గారి పద్యాన్నీ పక్కపక్కనే ఉంచి చదివాను. ఒకరు కొలిచి ఆగారు, ఒకరు వేళకు పెట్టారు. రెండు పద్యాలనూ ఈ వారం మొదటి స్థానంలో ఉంచుతున్నాను.

వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలది నాలుగో పాదమే, కుక్కల మీదే:

నిద్ర లేపు కుక్క నిద్ర పుచ్చె