అమెరికా పెళ్లి షూట్‌కి కెమెరాలు తీసుకెళ్లాలంటే కార్నే తీయాలా, అక్కర్లేదా?

పటమట క్లిక్స్:
డాలస్‌లో మన గుంటూరు వాళ్ల పెళ్లి ఉంది, మా టీమ్‌ని పిలిచారు. రెండు ఫుల్ ఫ్రేమ్ బాడీలు, నాలుగు లెన్సులు, గింబల్, లైట్లు, డ్రోన్ కలిపి 14 లక్షల దాకా సామాను. కొన్నిటికి బిల్లులున్నాయి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాటికి లేవు. తోటి ఫోటోగ్రాఫర్లలో సగం మంది ఒకటి మెడలో వేసుకో, మిగతావి తలా ఒక బ్యాగులో సర్దేసి గ్రీన్ చానెల్‌లో (డ్యూటీ కట్టేదేమీ లేదనేవాళ్ల దారి) నడిచెళ్లిపో అంటన్నారు, మిగతా సగం కార్నే (సామాను డ్యూటీ కట్టకుండా కొన్నాళ్లకి వేరే దేశం తీసుకెళ్లి మళ్లీ తెచ్చుకునే కస్టమ్స్ పుస్తకం) తీయకపోతే ఇరుక్కుంటావ్ అని భయపెడతన్నారు. మా ఆడిటర్ గారేమో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ చాలంటున్నారు. ఎక్కేది శంషాబాద్‌లో. తెలిసినోళ్లు చెప్పండి.

బ్రాడీపేట సీనియర్:
పెళ్లి ఫోటోలకి కార్నే ఏందయ్యా! అది సినిమా యూనిట్లకీ ఎగ్జిబిషన్ స్టాళ్లకీ. ఫీజు కట్టాలి, పైన సెక్యూరిటీ కింద బ్యాంక్ గ్యారంటీయో డిపాజిట్టో ఇవ్వాలి, అంత డబ్బు ఇరికించుకుని మనకి మిగిలేదేంటి? గన్నవరం నుంచి షార్జా ఫ్లైట్‌లో ఎన్నోసార్లు వెళ్లొచ్చాం, ఒక్కడూ బ్యాగ్ తెరవమన్లేదు.

గవర్నర్‌పేట కార్గో:
సీనియర్ గారూ, తెరవమనలేదు కాబట్టి రూల్ లేదనుకుంటే ఎలాగండీ. నేను క్లియరింగ్ పనిలో ఉన్నాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తా. ఇక్కడ అందరూ కలిపేస్తున్నది ఏంటంటే, కస్టమ్స్ ఒకటి కాదు రెండు. మన కస్టమ్స్ భయం తిరిగొచ్చేటప్పుడు, ఈ లెన్స్ ఇక్కడిదేనా అక్కడ కొన్నావా అని. అక్కడి కస్టమ్స్ భయం దిగేటప్పుడు, ఇది మళ్లీ మీతో వెనక్కి వెళ్తదా ఇక్కడే అమ్మేస్తారా అని. ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ మొదటిదానికే పనికొస్తది. వెళ్లేరోజు చెకిన్‌లో బ్యాగులు వేసేయకముందే కస్టమ్స్ కౌంటర్‌కి వెళ్లి సామాను చూపిస్తే సీరియల్ నంబర్లతో రాసిస్తారు, వచ్చేటప్పుడు ఆ కాగితం చూపిస్తే గొడవ ఉండదు. అది లేకుండా ఆఫీసర్‌కి అనుమానం వస్తే ఫ్రీ అలవెన్స్ (డ్యూటీ లేకుండా తెచ్చుకోనిచ్చే విలువ) పైన ఉన్నదానికి డ్యూటీ కట్టాలి. ల్యాప్‌టాప్ ఒకటి ఫ్రీయే, కెమెరాలకి ఆ సుఖం లేదు.

కార్నే అయితే రెండు వైపులా పనిచేస్తది. మన దేశంలో ఫిక్కీ అనే వ్యాపార సంఘాల సమాఖ్య ఇస్తది, ఎక్కువలో ఎక్కువ ఏడాది చెల్లుద్ది. ప్రతి వస్తువు సీరియల్ నంబర్, బరువు, విలువ, ఏ దేశంలో తయారైందో లిస్టులో ఉండాలి, ఒకసారి ఇచ్చాక ఇంకో లెన్స్ కలుపుతానంటే కుదరదు. లోపల పసుపు కాగితాలు మనవాళ్లకి, తెల్లవి అక్కడోళ్లకి. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కలిపి నాలుగు చోట్ల స్టాంప్ పడాలి.

బ్రాడీపేట సీనియర్:
ఆ నాలుగింట్లో మూడోది మర్చిపోతే?

గవర్నర్‌పేట కార్గో:
మంచి ప్రశ్నే అడిగారు, అసలు తంటా అక్కడే. అమెరికా నుంచి బయల్దేరేటప్పుడు మన దగ్గరలాగా ఇమిగ్రేషన్ కౌంటర్ ఎదురు రాదు, సెక్యూరిటీ దాటితే ఇక గేటే. కాబట్టి మనమే ముందుగా సీబీపీ (అమెరికా కస్టమ్స్) ఆఫీస్ వెతుక్కుని వెళ్లి సామాను చూపించి తెల్లకాగితం మీద స్టాంప్ వేయించుకోవాలి. అది లేకపోతే సామాను అక్కడే ఉండిపోయినట్టు లెక్క, డ్యూటీ పెనాల్టీ కలిపి క్లెయిమ్ ఫిక్కీకి వస్తది, వాళ్లు మన సెక్యూరిటీలోంచి లాగుతారు.

బ్రాడీపేట సీనియర్:
చూశారా, నేను చెప్పేది అదే. పెళ్లిలో రెండు రాత్రులు నిద్రలేక ఫ్లైట్ టైముకి పరిగెత్తేవాడు ఆఫీస్ ఎక్కడుందో వెతుక్కుంటాడా? కాగితం తీసుకుని ఇరుక్కోవడం కంటే తీసుకోకపోవడమే నయం.

తెనాలి టు న్యూజెర్సీ:
అందరూ కెమెరా గురించే మాట్లాడతన్నారు, మనిషి సంగతేంటి? వీసా ఏది తమ్ముడూ? స్టిల్ ఫోటోగ్రాఫర్లు బీ1 (బిజినెస్ విజిటర్ వీసా) మీద వచ్చి ఫోటోలు తీసుకోవచ్చు, కానీ అమెరికా నుంచి ఆదాయం ఉండకూడదు. డాలస్ పెళ్లికొడుకు డాలర్లలో కడతానంటే ఆ వెసులుబాటు నీకు వర్తించదు. ఇమిగ్రేషన్‌లో టూరిస్ట్‌నని చెప్పి బ్యాగులో మూడు లైట్ స్టాండ్లు కనపడితే వాడేమీ చిన్నపిల్లాడు కాదుగా. ఆ తలా ఒక బ్యాగులో సర్దే ఐడియా మరీ ఘోరం, పట్టుబడితే అబద్ధం చెప్పిన కేసు అయిపోద్ది, తర్వాత వీసాలకి కూడా దెబ్బే.

పటమట క్లిక్స్:
పేమెంట్ గుంటూరులో అమ్మాయి వాళ్ల నాన్నగారే ఇస్తున్నారండీ, అగ్రిమెంట్ కూడా ఇక్కడే. అది లాయర్‌ని అడుగుతా. మరి డ్రోన్?

గవర్నర్‌పేట కార్గో:
డ్రోన్ ఇంట్లో పెట్టి వెళ్లు బాబూ. 2022 ఫిబ్రవరి 9న డీజీఎఫ్‌టీ (ఎగుమతి దిగుమతుల రూల్స్ చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) బయటి నుంచి డ్రోన్ల దిగుమతి ఆపేసింది, ఆర్ అండ్ డీ, డిఫెన్స్, సెక్యూరిటీ అవసరాలకి తప్ప. నాది ఇక్కడిదే అని వచ్చేటప్పుడు కౌంటర్ దగ్గర నిలబడి వాదించే ఓపిక ఉందా? పైగా అక్కడ డబ్బుల పని మీద ఎగరేయాలంటే ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) ఇచ్చే పార్ట్ 107 డ్రోన్ సర్టిఫికెట్ ఉన్న పైలట్ కావాలి. అక్కడే ఒకణ్ణి మాట్లాడుకోండి.

ఇంకోటి, స్పేర్ బ్యాటరీలు చెకిన్‌లో వేయొద్దు, క్యాబిన్‌లోనే. 100 వాట్ అవర్స్ లోపు అయితే మామూలే, 100 నుంచి 160 అయితే ఎయిర్‌లైన్ పర్మిషన్ కావాలి, అదీ రెండే. వీ మౌంట్ బ్యాటరీ (వీడియో లైట్లకీ కెమెరాలకీ వాడే పెద్ద బ్యాటరీ) మీద అంకె చూసుకోండి, 98 వాట్ అవర్స్ ఉన్నవి అందుకే అంత అమ్ముడుపోతాయి.

మొగల్రాజపురం లయ:
మీ కెమెరాలే నయం. మాది మృదంగం, మూతలన్నీ తోలే. ఆస్ట్రేలియా వెళ్తే డ్యూటీ గురించి కాదు, జంతు చర్మం ఉందా అనే అడుగుతారు. కార్డులో అవునని టిక్ పెట్టి చూపించాలి, దాచితే ఫైన్. కచేరీ కంటే ఆ టేబుల్ దగ్గరే చెమట ఎక్కువ పడుద్ది.

పటమట క్లిక్స్:
సరే, లైట్లు, స్టాండ్లు డాలస్‌లో అద్దెకి తీసుకుంటా, డ్రోన్ మానేస్తా. బాడీలు, లెన్సులు, గింబల్ నాతో వస్తాయి, ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ ఖాయం. అంత తక్కువ సామానుకి కూడా కార్నే కావాలంటారా?

గవర్నర్‌పేట కార్గో:
లైట్లు తీసేసినా విలువ పెద్దగా తగ్గలేదుగా. నేనైతే తీస్తా. వద్దనుకుంటే మాత్రం దిగగానే పని సామాను ఉందని మీరే చెప్పండి, లిస్టు చేతికివ్వండి. ఊరికే వదలొచ్చు, టెంపరరీ బాండ్ అడగొచ్చు, అది అక్కడి ఆఫీసర్ ఇష్టం. ఆ రిస్క్ వద్దనుకునేవాడికే కార్నే.

బ్రాడీపేట సీనియర్:
ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ వరకూ ఒప్పుకుంటా, తలా ఒక బ్యాగు సలహా కూడా తప్పే. కార్నే దగ్గర మాత్రం నా మాట నాదే. బిల్లు లేని ఆ సెకండ్ హ్యాండ్ లెన్సులకి ముందు షాపువాడి దగ్గర కాగితం రాయించుకో, ఎటు వెళ్లినా అడిగేది దాన్నే.