ఆకాశమల్లె బెరడు నుంచి సుబెరిన్ తీసేదెట్ల?

అందరికీ నమస్తే. నల్లగొండలో బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతున్న. సుబెరిన్ అంటే బెరడుల నీళ్లు దిగకుండ ఆపే మైనం లాంటి పదార్థం. ప్రాజెక్టు కోసం మా పొలంగట్టు మీది నల్లతుమ్మ బెరడు, కాలేజీ దారిల ఉన్న ఆకాశమల్లె బెరడు తెచ్చిన.

తుమ్మచెక్క ఉడికిస్తే నీళ్లు డికాక్షన్ లెక్క ఎర్రగైనయి. ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క పడంగనే నల్లబడ్డయి, అంటే టానిన్లు (వగరు పదార్థాలు) ఉన్నట్టు. మా తాత తోళ్లు పదును చేసేటందుకు ఈ చెక్కనే వాడేటోడు.

ఆకాశమల్లెది వేరే కథ. గోరుతో నొక్కితే మెత్తగ దిగుతది, రాత్రంతా బకెట్‌ల ఉంచినా తేలుతనే ఉంది. పోర్చుగల్ ఓక్ చెట్టు బెరడు కార్క్‌ల (సీసా బిరడాలు చేసేది) సుమారు 40 శాతం సుబెరిన్ ఉంటదని చదివిన. దీంట్ల ఎంతుందో చూడాలని బాగా ఆశ.

సుబెరిన్ పాలిఎస్టర్ (ఎస్టర్ బంధాలతోని అల్లుకున్న పెద్ద అణువు) కాబట్టి క్షారంతో విడగొట్టాలె. సోడియం హైడ్రాక్సైడ్ నీళ్లల్ల కలిపితే సరిపోతదా, మిథనాల్ తప్పదా? ఎంతసేపు కాయాలె? మైనం, టానిన్లు ముందే తీసెయ్యాల్నా? చేసినోళ్లు ఎవరన్నా ఉంటే జర చెప్పండి.