ఐదేళ్ల పాపకి, ఎనిమిదేళ్ల బాబుకి కలిపి ఒక్క హ్యాండ్‌హెల్డ్ వీడియో గేమ్: నింటెండో స్విచ్ లైటా, మామూలు స్విచ్చా?

బెజవాడ_అమ్మ:
బాబుకి ఎనిమిది, పాపకి ఐదు. ఇద్దరికీ కలిపి ఒక్కటే కొనాలి. టీవీకి తగిలించే పని లేదు, సాయంత్రం టీవీ అత్తయ్యగారిది. మా ఆడపడుచు డిసెంబరులో డాలస్ నుంచి వస్తోంది, స్విచ్ లైట్ తెమ్మందామనుకుంటున్నాను. చిన్నది, చవక, పిల్లల చేతికి సరిపోతుంది కదా. బాబు ఇంగ్లిష్ కూడబలుక్కుని చదువుతాడు, పాప ఇంకా అక్షరాల దగ్గరే ఉంది. ఏ ఆటలు తెప్పించాలి? ఆన్‌లైన్లో వెయ్యి లోపు దొరికే 400 ఆటల డబ్బా ముందు కొని చూడమని మావారి సలహా, అది పనికొస్తుందా?

ప్లస్_మైనస్:
ఒక్క బిడ్డయితే లైట్ తెప్పించుకోండి అనేవాణ్ని. ఇద్దరన్నారు కాబట్టి ఆగండి.

లైట్ 5.5 అంగుళాల తెర, సుమారు 275 గ్రాములు. చేతికి హాయిగానే ఉంటుంది. కానీ దాని కంట్రోలర్లు ఊడిరావు, వెనక నిలబెట్టే కాలు లేదు, టీవీకి ఎప్పటికీ తగలదు. ఇద్దరూ కలిసి ఆడాలంటే జాయ్‌కాన్ల (ఊడదీసి వాడే చిన్న కంట్రోలర్ల) జత విడిగా కొనాలి. వాటిని లైట్ ఛార్జ్ చేయలేదు, ఛార్జింగ్ గ్రిప్ ఇంకో ఖర్చు. తెర నిలబెట్టడానికి స్టాండ్ మరొకటి. ఇవన్నీ కలిపితే మిగిల్చిన డబ్బు అక్కడికే పోతుంది.

మామూలు స్విచ్ 6.2 అంగుళాలు, జాయ్‌కాన్లతో దాదాపు 400 గ్రాములు. రెండు జాయ్‌కాన్లూ ఊడదీసి అడ్డంగా పట్టుకుంటే అవే రెండు చిన్న కంట్రోలర్లు. ఐదేళ్ల చేతికి ఆ సైజు అచ్చంగా సరిపోతుంది. డబ్బు ఇంకాస్త పెట్టగలిగితే ఓఎల్ఈడీ మోడల్ (2021) తెప్పించండి. 7 అంగుళాల తెర సంగతి అలా ఉంచండి, అసలు లాభం వెనక కాలు. పాత మోడల్ కాలు ఓ పక్కన సన్నగా ఉంటుంది, పిల్లలు బల్ల కదిపితే పడుతుంది. ఓఎల్ఈడీది వెనకంతా పరుచుకుని ఏ కోణంలోనైనా నిలుస్తుంది. రెండింటికీ ఛార్జింగ్ రంధ్రం కింది అంచునే ఉంది, కాబట్టి బల్ల మీద నిలబెట్టి ఆడుతూ ఛార్జ్ పెట్టడం కుదరదు. ముందే నింపి పెట్టుకోండి.

ఓఎల్ఈడీ తెర మీద పల్చటి ఫిల్మ్ అంటించి వస్తుంది. గాజు పగిలితే పెంకులు చెదరకుండా పట్టి ఉంచేది అదే. రవాణా కవరనుకుని పీకేయకండి. టెంపర్డ్ గ్లాస్ దాని మీదే వేయించండి.

ఇంకోటి. జాయ్‌కాన్‌కి తగిలించే పట్టీ మీద ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. ప్లస్ ఉన్న జాయ్‌కాన్‌కి ప్లస్ పట్టీ, మైనస్‌కి మైనస్. తిరగేసి తోస్తే సగంలో బిగుసుకుపోతుంది, లాగేటప్పుడు పట్టాలు దెబ్బతింటాయి. పట్టీ మానేయడం కూడా మంచిది కాదు. అడ్డంగా పట్టుకున్నప్పుడు పైన వచ్చే ఎస్‌ఎల్, ఎస్‌ఆర్ బటన్లు మరీ చిన్నవి. పట్టీ వేస్తేనే పాప వేలికి అందుతాయి.

400 ఆటల డబ్బాలో ఆటలు 8 బిట్ కాలంనాటివి. చాలావరకు అవే ఆటలు పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తాయి. ఎక్కడిదాకా వచ్చామో సేవ్ కాదు. బ్యాటరీ చాలావాటిలో పాత నోకియా ఫోన్ల బీఎల్-5సీ రకం నకలు. ఉబ్బిందంటే మాత్రం మళ్లీ ఛార్జ్ పెట్టకండి. పైగా ఆ ఆటలు ఐదేళ్ల పిల్లకి కష్టం: మూడు ప్రాణాలు, అవి అయిపోతే మొదటికి.

కార్ట్రిడ్జ్_డబ్బా:
ఆటల సంగతి నేను చెబుతాను. ఈ వయసులో రేటింగ్ కన్నా ముందు చూడాల్సింది ఎంత చదవాలన్నది. పెట్టె మీద పీఈజీఐ 3 (మూడేళ్లు దాటినవాళ్లకి తగునన్న యూరప్ రేటింగ్) ఉన్నా లోపల పేజీల కొద్దీ మాటలుండొచ్చు. ఈ ఆటల్లో తెలుగు లేదు, మీరు పక్కన కూర్చుని చదివి చెప్పాలి. పోకెమాన్ ఆటలు, యానిమల్ క్రాసింగ్ ఆ బాపతే, రెండేళ్లు ఆగండి. యానిమల్ క్రాసింగ్‌తో ఇంకో చిక్కుంది: ఆటంతా ఒక దీవిలో నడుస్తుంది, ఒక కన్సోల్‌కి (ఆట యంత్రానికి) ఒక్కటే దీవి. మొదట మొదలెట్టినవాడిదే పెత్తనం. రెండో బిడ్డ ఇల్లు కట్టుకోవచ్చు గానీ దీవిని ముందుకు నడపలేదు. అన్నాచెల్లెళ్ల పోట్లాటకి అంతకన్నా ఏం కావాలి!

మొదటి ఆట మారియో కార్ట్ 8 డీలక్స్, బండ్ల పందెం. బండి ఎంచుకునే తెర మీద ప్లస్ (ఎడమ జాయ్‌కాన్ అయితే మైనస్) నొక్కితే రెండు సౌకర్యాలు కనిపిస్తాయి. ఒకటి స్మార్ట్ స్టీరింగ్, బండి రోడ్డు దాటి పడిపోకుండా ఆపుతుంది. రెండోది ఆటో యాక్సిలరేట్, బటన్ నొక్కకపోయినా బండి కదులుతుంది. పాపకి రెండూ ఆన్ చేయండి, 50 సీసీలో (అన్నిటికన్నా నెమ్మది వేగం) మొదలుపెట్టండి. బాబుకి స్మార్ట్ స్టీరింగ్ తీసేయండి. అది ఉంటే కొన్ని అడ్డదారుల్లోకి బండి వెళ్లనివ్వదు, మలుపుల్లో దొరికే పెద్ద వేగమూ రాదు. ఎప్పుడూ చెల్లి చేతిలోనే ఓడిపోతున్నాడంటే కారణం అదేనేమో చూడండి. బండి వెనక చిన్న యాంటెన్నా కనిపిస్తే స్మార్ట్ స్టీరింగ్ ఆన్‌లో ఉన్నట్టు.

రెండోది సూపర్ మారియో బ్రదర్స్ వండర్ (2023). యోషీలు, నాబిట్ అనే పాత్రలకి శత్రువు తగిలినా దెబ్బ ఉండదు, గోతిలో పడితే మాత్రం పోతారు. పాపకి యోషీ ఇవ్వండి. ఇందులో ఆటగాళ్లు ఒకరినొకరు తోసుకోలేరు, పాత మారియోల్లో సగం ఏడుపులు ఆ తోపులాటవే. తెర మాత్రం కిరీటం ఉన్నవాళ్ల వెంట పోతుంది.

బాబు ఒక్కడే ఆడుకోవడానికి సూపర్ మారియో ఒడిస్సీ, అసిస్ట్ మోడ్‌లో. దారి చూపే బాణాలుంటాయి, ప్రాణశక్తి మూడు బదులు ఆరు, గోతిలో పడితే బుడగలో వెనక్కి తెస్తుంది. ఇద్దరాటలో పాప మారియో టోపీని నడపొచ్చు. కర్బీ అండ్ ద ఫర్గాటెన్ ల్యాండ్ కూడా బాగుంటుంది, మొదట్లో స్ప్రింగ్-బ్రీజ్ అనే తేలిక స్థాయి ఎంచుకోండి. రెండో ఆటగాడు వెనకబడితే ఆటే తీసుకొచ్చి పక్కన పెడుతుంది.

రెండు ఆటలు చాలు. ఐదు ఒకేసారి ఇస్తే దేన్నీ సగం దాటించరు.

ఆట పెట్టె కొనేటప్పుడు రెండు చూడండి. వెనక టీవీ, బల్ల మీద, చేతిలో అని మూడు బొమ్మలుంటాయి; సూపర్ మారియో పార్టీ చేతిలో పట్టుకుని ఆడేది కాదు. కొన్ని పెట్టెల్లో ఆట కార్డు ఉండదు, డౌన్‌లోడ్ కోడ్ చీటీ ఒక్కటే. అవి వద్దు. కార్డయితే పిల్లలు పెద్దయ్యాక అమ్ముకోవచ్చు, అమెరికా కార్డు మన దగ్గరున్న ఏ స్విచ్‌లోనైనా ఆడుతుంది.

రాత్రి_తొమ్మిదింటికి_ఆఫ్:
కన్సోల్ పిల్లల చేతికివ్వడానికి ముందు రోజు ఈ పని చేసేయండి, ఇచ్చాక కుదరదు. మీ పేరున నింటెండో అకౌంట్, దాని కింద ఫ్యామిలీ గ్రూపులో ఇద్దరికీ చైల్డ్ అకౌంట్లు. కన్సోల్లో ఇద్దరికీ వేరు వేరు ప్రొఫైళ్లు. సేవ్‌లు ప్రొఫైల్‌కి కట్టుబడి ఉంటాయి, ప్రొఫైల్ చెరిపేస్తే అవీ పోతాయి. ఎస్‌డీ కార్డు వేసినా సేవ్‌లు కన్సోల్ మెమరీలోనే ఉంటాయని గుర్తుంచుకోండి.

తర్వాత ఫోన్లో పేరెంటల్ కంట్రోల్స్ యాప్. రోజుకెంతసేపు, రాత్రి ఎన్నింటికి ఆపాలి, వారంలో ఏ రోజుకి ఎంత అన్నీ పెట్టుకోవచ్చు. ఇక్కడ చాలామంది పొరబడేది ఏంటంటే, ఆ టైం కన్సోల్ మొత్తానికి లెక్క, మనిషికి కాదు. గంట పెట్టి, బాబు నలభై నిమిషాలు ఆడేస్తే పాపకి మిగిలేది ఇరవై. ఇద్దరి వంతులు మీరే గడియారం చూసి నడపాలి. కలిసి ఆడితే ఆ గంట ఇద్దరిదీ, అందుకే నా ఓటు కూడా మామూలు స్విచ్‌కే.

టైం అయ్యాక మామూలుగా అలారం ఒక్కటే వస్తుంది. ఆట దానంతటదే ఆగాలంటే సస్పెండ్ సాఫ్ట్‌వేర్ విడిగా ఆన్ చేయాలి. రేసు మధ్యలో ఆగితే ఇల్లు దద్దరిల్లుతుంది, మొదట రెండు వారాలు అలారంతోనే నడపండి. యాప్‌లో మార్చింది కన్సోల్‌కి చేరాలంటే దానికి వైఫై ఉండాలి. పిన్ పుట్టిన సంవత్సరం పెట్టకండి, ఎనిమిదేళ్లవాడు రెండో ప్రయత్నంలోనే కనిపెడతాడు.

భారత పిల్లల వైద్యుల సంఘం (ఐఏపీ) 2021 సూచనల ప్రకారం 5 నుంచి 10 ఏళ్లవారికి అన్ని తెరలూ కలిపి రోజుకి 2 గంటల లోపు. అత్తయ్యగారి పక్కన కూర్చుని చూసే సీరియలూ అందులోకే.

బెజవాడ_అమ్మ:
అందరికీ ధన్యవాదాలండీ. లైట్ ఆలోచన మానేశాం. ఇంకో రెండు సందేహాలు. కొత్తగా స్విచ్ 2 వచ్చిందంటున్నారు, ఎలాగూ తెప్పిస్తున్నాం కదా, అదే తెమ్మనాలా? ఇక్కడ పాడైతే ఎవరు చూస్తారు?

ప్లస్_మైనస్:
స్విచ్ 2 (జూన్ 2025) 7.9 అంగుళాలు, జాయ్‌కాన్లతో 530 గ్రాముల పైమాటే. పాప ఒళ్లో పెట్టుకుని ఆడటానికి బరువు. మెమరీ కార్డు మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అయితేనే ఆటలకి పనికొస్తుంది, ఇంట్లో ఉన్న పాత కార్డులు చెల్లవు. కొత్త ఆట పెట్టెలు కొన్నిటిలో ఉండే కార్డు ఆటని తెరిచే తాళం మాత్రమే, ఆట మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాలి. పైన చెప్పిన ఆటలన్నీ పాత స్విచ్‌లోనే ఉన్నాయి. రేపు మారినా ఆ కార్డులు స్విచ్ 2లో నడుస్తాయి.

మరమ్మతు సంగతి మాత్రం నిజంగానే ఇబ్బంది. అమెరికాలో కొన్నదానికి వారంటీ అమెరికాలోనే. ఎక్కువగా పాడయ్యేవి బొటనవేలితో తిప్పే స్టిక్‌లు. చెయ్యి తీసినా బొమ్మ తనంతట తాను పక్కకి నడుస్తుంటుంది, డ్రిఫ్ట్ అంటారు. ముందు సిస్టమ్ సెట్టింగ్స్, కంట్రోలర్స్ అండ్ సెన్సార్స్, కాలిబ్రేట్ కంట్రోల్ స్టిక్స్ అని వెళ్లి చూడండి. అప్పటికీ పోకపోతే స్టిక్ మార్చాల్సిందే. జాయ్‌కాన్ విడిగా ఊడొస్తుంది కాబట్టి ఆ ఒక్కటే రిపేరుకిచ్చి, వేరే కంట్రోలర్‌తో ఆట సాగించొచ్చు. లైట్‌లో స్టిక్ పోతే మొత్తం కన్సోలే విప్పాలి. బయటి స్క్రూలు మూడు చీలికలవి, వై ఆకారంలో ఉంటాయి. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే తల అరిగిపోతుంది. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్ వేయించుకుంటే మళ్లీ అరగడం తగ్గుతుంది.

ఛార్జర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. అమెరికా పిన్ను మన సాకెట్‌కి పట్టే కన్వర్టర్ చాలు.

కార్ట్రిడ్జ్_డబ్బా:
ఇంటికి ఇంకా చిన్నపిల్లలు వస్తూ పోతుంటే ఆట కార్డులు పైనెక్కడైనా పెట్టండి. తపాలా బిళ్లంత ఉంటాయి. మింగకుండా వాటికి డినటోనియం బెంజోయేట్ పూత పూస్తారు, భయంకరమైన చేదు. కార్డు ముట్టుకున్న చేత్తో అన్నం తినబోయినా ఆ చేదు తగులుతుంది, విషమేమో అని కంగారు పడకండి, చేతులు కడిగిస్తే చాలు.