రీకాంబినెంట్ డీఏఓ: హిస్టమిన్ వేసినా రీడింగ్ కదలట్లేదు

అనంతపురం_స్కాలర్:
హ్యూమన్ డయమిన్ ఆక్సిడేజ్ (డీఏఓ, హిస్టమిన్‌ను విడగొట్టే ఎంజైమ్), పొడి, 10 మైక్రోగ్రాముల వయల్. 100 మైక్రోలీటర్ల బఫర్‌లో కలిపాం: 50 మిల్లీమోలార్ ఫాస్ఫేట్, పీహెచ్ 7.4, సోడియం అజైడ్ 0.02 శాతం, డీటీటీ (ఆక్సీకరణను ఆపే రసాయనం) 1 మిల్లీమోలార్. అస్సే కూడా ఇదే బఫర్‌లో, ఆంప్లెక్స్ రెడ్ (రంగునిచ్చే రసాయనం), హెచ్‌ఆర్‌పీతో (పెరాక్సైడ్‌తో ఆ రంగు తెప్పించే ఎంజైమ్). హిస్టమిన్ 1 మిల్లీమోలార్. డీఏఓ వేసిన వెల్ (ప్లేటులోని గుంట), వేయని వెల్ రెండింటి రీడింగూ ఒకటే. పార్సిల్ బెంగళూరు నుంచి చేరేసరికి ఐస్ ప్యాకులు కరిగిపోయి ఉన్నాయి. ఎండకే చచ్చిందంటారా? సప్లయర్‌ను అడగాలా?

కర్నూలు_ఎంజైమ్:
అప్పుడే సప్లయర్ మీద పడకండి. పొడిగా ఉన్న ప్రోటీన్ ఒకట్రెండు రోజుల వేడికి మామూలుగా చావదు, నీళ్లలో కలిపాకే దానికి గండం. ఇక్కడ దొంగ మీ బఫరే.

డీఏఓ హిస్టమిన్‌ను ఇమిడజోల్ అసిటాల్డిహైడ్‌గా మారుస్తూ అమోనియాను, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వదులుతుంది. మీ ప్లేట్ రీడర్ చూసేది ఆ పెరాక్సైడ్‌నే, అదీ హెచ్‌ఆర్‌పీ ద్వారా. అజైడ్ హెచ్‌ఆర్‌పీని ఆపేస్తుంది. డీటీటీ వచ్చిన పెరాక్సైడ్‌ను వచ్చినట్టే తినేస్తుంది. రెండూ కలిపి వేసి పప్పులో కాలేశారు.

డీఏఓ లేకుండా అదే బఫర్‌లో 5 మైక్రోమోలార్ పెరాక్సైడ్ వేసి చూడండి. గులాబీ రంగు రాకపోతే తప్పు బఫర్‌ది, ఎంజైమ్ చచ్చిందని అనలేం.

స్టాక్ పారబోయకండి. అజైడ్, డీటీటీ లేని ఫాస్ఫేట్‌లో 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు సీరం ఆల్బుమిన్ ప్రోటీన్) వేసి, స్టాక్‌ను 50 రెట్లు పలచన చేయండి. బీఎస్‌ఏ లేకుంటే ఇంత తక్కువ ప్రోటీన్ ట్యూబు గోడకే అంటుకుపోతుంది. అందులోంచి 10 మైక్రోలీటర్లు, మొత్తం వాల్యూమ్ 100. వెల్‌కు 20 నానోగ్రాములు పడుతుంది, డీటీటీ 2 మైక్రోమోలార్‌కు దిగుతుంది. ఆ కాస్త డీటీటీ అయిపోయేదాకా మొదట్లో గీత పైకి లేవకపోవచ్చు, కంగారు పడొద్దు. మిగిలిన స్టాక్ చిన్న భాగాలుగా మైనస్ 80లో పెట్టండి. వోర్టెక్స్ (గట్టిగా కుదిపి కలిపే యంత్రం) వద్దు.

కడప_బయోకెమ్:
అన్న చెప్పింది కరెక్టే, ఇంకో మాట. ఈ ఎంజైమ్‌కు హిస్టమిన్ కేఎం (సగం వేగం వచ్చే గాఢత) 3 మైక్రోమోలార్ దరిదాపుల్లో ఉంటుంది. 1 మిల్లీమోలార్ దండగ, పైగా సబ్‌స్ట్రేట్ మరీ ఎక్కువైతే వేగం తగ్గొచ్చు. 50 మైక్రోమోలార్ చాలు. తూకం దగ్గర జాగ్రత్త: 10 మిల్లీమోలార్ హిస్టమిన్ స్టాక్‌కు డైహైడ్రోక్లోరైడ్ లవణం అయితే మిల్లీలీటరుకు 1.84 మిల్లీగ్రాములు, ఫ్రీ బేస్ అయితే 1.11.

ఆంప్లెక్స్ రెడ్ 50 మైక్రోమోలార్, హెచ్‌ఆర్‌పీ మిల్లీలీటరుకు 0.1 యూనిట్. ప్లేట్‌కు ఫాయిల్ చుట్టండి, వెలుతురుకు బ్లాంక్ (ఎంజైమ్ లేని వెల్) దానంతటదే ఎర్రబడుతుంది. డీఏఓను ఆపే అమినోగ్వానిడిన్ 100 మైక్రోమోలార్‌తో 10 నిమిషాలు ముందే ఉంచిన వెల్ ఒకటి పెట్టుకోండి. అందులోనూ సిగ్నల్ వస్తే అది డీఏఓది కాదు. పెరాక్సైడ్ స్టాండర్డ్‌లోనూ అదే అమినోగ్వానిడిన్ వేసి చూడాలి, లేకపోతే అది హెచ్‌ఆర్‌పీని ఆపిందో, డీఏఓను ఆపిందో తేలదు.

అనంతపురం_స్కాలర్:
పెరాక్సైడ్ వేసినా రంగు రాలేదు సార్, బఫర్ మార్చేస్తున్నాం. కొన్న ఎంజైమ్‌ను వాడకుండా అస్సేను సరిచూసుకునే దారి ఉందా? ఈ.కోలైలో మేమే తయారు చేసుకోవచ్చా?

కర్నూలు_ఎంజైమ్:
ఈ.కోలై ఆశ వదిలేయండి. ఇది చక్కెర గొలుసులు, డైసల్ఫైడ్ బంధాలు ఉన్న జంట ప్రోటీన్. పైగా లోపలి టైరోసిన్ ఒకటి రాగి, ఆక్సిజన్ సాయంతో టోపాక్వినోన్‌గా మారితేనే పనిచేస్తుంది. సీహెచ్‌ఓ (హ్యామ్‌స్టర్ అండాశయ) కణాలో, కీటక కణాలో కావాలి. హిస్టమిన్‌ను మిథైలేట్ చేసే హెచ్‌ఎన్‌ఎమ్‌టీ అనే ఎంజైమ్ అయితే ఈ.కోలైలో బాగానే వస్తుంది, కానీ అది పెరాక్సైడ్ ఇవ్వదు, అస్సేనే వేరు.

సరిచూసుకోవడానికి మన శనగలున్నాయిగా! రాత్రి నానబెట్టి, చీకట్లో వారం మొలకెత్తించి, పాలిపోయిన కాడలను చల్లటి 0.1 మోలార్ ఫాస్ఫేట్, పీహెచ్ 7లో నూరి, గుడ్డలో వడగట్టి, సెంట్రిఫ్యూజ్‌లో 10,000 జీ దగ్గర 15 నిమిషాలు తిప్పండి. పైతేటలో రాగి డయమిన్ ఆక్సిడేజ్ ఉంటుంది. దీనికి హిస్టమిన్ కాదు, పుట్రెసిన్ 1 మిల్లీమోలార్ ఇవ్వండి. ముడి రసంలో కేటలేజ్ కూడా ఉండి పెరాక్సైడ్‌ను మింగుతుంది కాబట్టి 20, 50, 100 రెట్లు పలచన చేసి చూడండి. పుట్రెసిన్ లేని వెల్ తప్పనిసరి.

కడప_బయోకెమ్:
తర్వాత డీఏఓతో కణాల మీద ప్రయోగం చేస్తే, ఎఫ్‌బీఎస్ (దూడ పిండం సీరం) లేని మీడియం వాడండి. సీరంలోనే అమీన్ ఆక్సిడేజ్ ఉంటుంది, మీ డీఏఓ చేసిందేదో సీరం చేసిందేదో విడదీయలేరు.