బయోగ్లాస్‌పై మూలకణాలు ఎందుకు చనిపోతున్నాయి?

ప్రశ్న: 45ఎస్5 బయోగ్లాస్ (ఎముక చికిత్సలో వాడే ఒక రకం గాజు) బిళ్లలపై ఎముక మజ్జ మూలకణాలు వేశాను. మరునాటికే ముడుచుకుని ఊడిపోతున్నాయి, మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) ముదురు గులాబీ రంగుకు మారుతోంది. ఈ పదార్థం విషపూరితమని రాసేయాలా?

జవాబు: అప్పుడే వద్దండీ! ఆ రంగు క్షారత పెరిగిందని చెబుతోంది. గాజులోని సోడియం అయాన్లు బయటికొచ్చి, నీటిలోని హైడ్రోజన్ అయాన్లు లోపలికి పోతాయి. ముందు బిళ్లలను మీడియంలో నానబెట్టి, మార్చుతూ ఉండండి. పీహెచ్ 7.4 దగ్గర నిలిచాకే కణాలు వేయండి. 1969లో లారీ హెంచ్ అనే శాస్త్రవేత్త రూపొందించిన ఈ గాజు ఎముకకు అతుక్కుంటుంది. తొందరపడి తోసిపుచ్చితే అన్యాయం.

మరో జవాబు: తర్వాత కణాలు ఎముక ఖనిజాన్ని తయారుచేశాయో లేదో చూడటానికి అలిజరిన్ రెడ్ (కాల్షియంకు అంటుకునే ఎరుపు రంగు) వేస్తారు కదా, అది గాజు మీద ఏర్పడే కాల్షియం పొరకూ అంటుకుంటుంది. కణాలు లేని బిళ్లనూ పక్కనే పెట్టి పోల్చండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ఈరోజే నానబెడతాను.