బంగాళాదుంప రాకముందు ఐర్లాండ్‌లో ఏం తినేవారు?

ప్రశ్న

బ్రిటన్, ఐర్లాండ్ ప్రజల సంప్రదాయ వంటల గురించి కొంతకాలంగా చదువుతున్నాను. ఐరిష్ వంటల ప్రస్తావన ఎక్కడ వచ్చినా అది బంగాళాదుంపతోనే మొదలవుతోంది. ఉడికించి మెదిపిన దుంపలో వెన్న, కేల్ లేదా క్యాబేజీ ఆకు కలిపితే కోల్‌కానన్, ఉల్లికాడలు కలిపితే చాంప్, పచ్చిదుంప తురుము కలిపి పెనం మీద కాల్చితే బాక్స్‌టీ. అయితే ఈ దుంప పుట్టినది దక్షిణ అమెరికాలో. ఐర్లాండ్‌కు చేరినది 16వ శతాబ్దం చివరి ప్రాంతంలో. అంతకుముందు వేల ఏళ్లుగా ఆ దీవిలో ఉన్న మనుషులు ఏం తిని బతికారు? ఆ పాత తిండి ఎందుకు మరుగున పడింది? నాలుగు వందల ఏళ్ల కిందట వచ్చిన దుంపతో చేసిన వంటను సంప్రదాయమనడం సబబేనా అన్నది నా రెండో సందేహం. స్కాట్లాండ్, వేల్స్ సంగతులు తెలిసినవారు కూడా చెబితే సంతోషిస్తాను.

సమాధానం 1

మీ మొదటి ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు చెప్పాలంటే, పాడి. మధ్యయుగపు ఐర్లాండ్‌లో మనిషి హోదాను, అతను కట్టవలసిన జరిమానాను సైతం ఆవుల లెక్కన కొలిచేవారు. ఆవును ప్రధానంగా పాల కోసమే పెంచేవారు. పాలు, వెన్న, మజ్జిగ, విరిగిన పాలముద్దలు, చీజ్ అన్నింటినీ కలిపి ఐరిష్ భాషలో 'బాన్‌వియా' అనేవారు. తెల్లని ఆహారం అని ఆ మాటకు అర్థం. వేసవిలో పాడి సమృద్ధిగా ఉండేది; చలికాలంలో ఓట్స్ గంజి, బార్లీ రొట్టె, ఉప్పు పెట్టిన పంది మాంసం ఆదుకునేవి. పూర్వులు బురదనేలల్లో పాతిపెట్టిన వెన్నముద్దలు అక్కడ పీట్ అనే వంటచెరకు మట్టిని తవ్వేవారికి నేటికీ దొరుకుతుంటాయి, వాటిలో కొన్నింటి వయసు 3000 ఏళ్లు దాటింది.

ఈ తిండి మరుగున పడిందనడం కంటే ప్రజల చేజారిందనడం సరైనదని నా అభిప్రాయం. 17వ శతాబ్దంలో భూములు పెద్ద ఎత్తున చేతులు మారిన తరువాత సాగు చేసేవారిలో అత్యధికులు కౌలుదారులయ్యారు. కౌలు కట్టడానికి డబ్బు కావాలి, ఆ డబ్బు తెచ్చేవి వెన్న, పశువులు, ధాన్యం. 18వ శతాబ్దంలో కార్క్ నగరపు మార్కెట్ నుంచి ఉప్పువెన్న పీపాలు అట్లాంటిక్ దాటి వెళ్లేవి. వెన్న చిలికిన ఇంట్లో మిగిలినది మజ్జిగ. ఇక చారెడు నేలలో ఒక కుటుంబం కడుపు నింపగలిగిన పంట బంగాళాదుంప. అందువల్ల ఆ శతాబ్దం చివరికి పేదల భోజనం దుంప, మజ్జిగ, అందుబాటులో ఉన్నప్పుడు ఒక హెర్రింగ్ చేపగా కుదించుకుపోయింది. పోషణ దృష్టితో చూస్తే అది బలహీనమైన భోజనం కాదు. ప్రమాదమంతా ఒక్క పంట మీద, అందులోనూ లంపర్ అనే ఒక్క రకం మీద ఎక్కువగా ఆధారపడడంలో ఉంది. 1845లో తెగులు సోకి దుంపలు నేలలోనే కుళ్లిపోయాయి. 1852 వరకు సాగిన ఆ కరవులో సుమారు 10 లక్షల మంది మరణించారు, మరో 10 లక్షల మంది దేశం విడిచిపోయారు. ఆ ఏళ్లలోనూ ధాన్యం, పశువులు, వెన్న ఇంగ్లండు వెళ్లే ఓడలెక్కుతూనే ఉన్నాయని చదివిన ప్రతిసారీ నా మనసు కలతపడుతుంది.

కాబట్టి రెండో ప్రశ్నకు నా జవాబు, సబబే. హాలోవీన్ రాత్రి కోల్‌కానన్‌లో ఉంగరం దాచి, అది ఎవరి వాటాకు వస్తే వారికి త్వరలో పెళ్లవుతుందని చెప్పుకునేవారు. పండుగలోకి, పెళ్లి ముచ్చట్లలోకి అంతగా చొచ్చుకుపోయిన వంటను పరాయిదని తోసిపుచ్చడం నాకు సమంజసంగా తోచదు.

సమాధానం 2

పై సమాధానంలో వచ్చిన మజ్జిగ గురించే మరికొంత చెబుతాను, ఎందుకంటే ఐరిష్ సోడా రొట్టె పుట్టుక దానితోనే ముడిపడి ఉంది. ఐర్లాండ్ తేమ వాతావరణంలో పండే గోధుమ మెత్తని రకం. ఆ పిండిలో సాగుడు గుణం తక్కువ కావడంతో ఈస్ట్ వేసి పొంగించే రొట్టెకు అది అంతగా ఒప్పదు. 19వ శతాబ్దం తొలి అర్ధభాగంలో వంటసోడా అంగళ్లలోకి రాగానే ఈ ఇబ్బంది తీరింది: మజ్జిగలోని పులుపు సోడాతో కలిసిన వెంటనే వాయువు పుట్టి పిండిని పొంగిస్తుంది. ఆ పొంగు ఎంతోసేపు నిలవదు కనుక పిండిని ఎక్కువగా పిసకకుండా, కలిపిన వెంటనే నిప్పు మీదికి చేర్చాలి.

పొయ్యి విషయం కూడా గమనించండి. పల్లె ఇళ్లలో ఓవెన్ ఉండేది కాదు. బాస్టిబుల్ అనే మూతగల ఇనుప పాత్రలో ముద్దను ఉంచి, కింద పీట్ నిప్పు, మూత మీద మరికొన్ని నిప్పులు పెట్టి కాల్చేవారు. మధ్యభాగం కూడా ఉడకాలని పైన కత్తితో అడ్డంగా, నిలువుగా రెండు గాట్లు పెట్టేవారు. ఉత్తరాన అల్‌స్టర్ ప్రాంతంలో అదే పిండిని పలుచగా వత్తి, నాలుగు ముక్కలుగా కోసి పెనం మీద కాల్చుతారు. ఆ ముక్కను ఫార్ల్ అంటారు. నేను రెండు విధాలుగానూ చేసి చూశాను. పెనం మీద కాల్చినదే నాకు నచ్చింది, అయితే దానిని వేడిగా ఉండగానే వెన్నతో తినాలి.

సమాధానం 3

స్కాట్లాండ్‌లో బంగాళాదుంప ఓట్స్‌ను పూర్తిగా పక్కకు నెట్టలేకపోయింది. చల్లని, పొట్టి వేసవిలో గోధుమ సరిగా పండకపోయినా ఓట్స్ పండుతుంది. దానిని ఉప్పు వేసి గంజిగా కాచి, స్పర్టిల్ అనే కర్రతో కలిపేవారు. తీరిక లేనప్పుడు పిండి మీద వేడినీళ్లు పోసి బ్రోజ్‌గా తినేవారు. విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇంటికి వెళ్లి ఓట్స్ పిండి బస్తా తెచ్చుకోవడానికి మీల్ మండే పేరుతో ఒక సెలవు ఉండేదంటే ఆ గింజ స్థానం ఎంతటిదో ఊహించవచ్చు. జనవరి 25న రాబర్ట్ బర్న్స్ జయంతి విందులో వడ్డించే హాగిస్‌లోనూ గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులను కూడగట్టి నిలిపేది ఓట్సే.

వేల్స్ గురించి మాట్లాడేవారు మాంసం, దుంపలు, లీక్ అనే ఉల్లిజాతి కాడలు వేసి కాచే కౌల్ అనే పులుసు దగ్గరే ఆగిపోతుంటారు. నాకు అంతకంటే గొప్పగా కనిపించేది బారా లౌర్. దక్షిణ వేల్స్ తీరంలో రాళ్లకు పట్టిన సముద్రపు నాచును ఏరి, ఇసుక పోయేదాకా కడిగి, చాలా గంటలు ఉడికిస్తే నల్లని ముద్దవుతుంది. దానికి ఓట్స్ పిండి పట్టించి బేకన్ కొవ్వులో వేయించి, పెన్‌క్లౌద్ గ్రామపు తీరంలో ఏరిన కాకిల్ గవ్వల మాంసంతో పెడతారు. కౌలు కట్టనవసరం లేని తిండి అది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. పానీయాల విషయంలోనూ ఇలాగే కొత్తది పాతదాన్ని తోసివేసిందా?

సమాధానం 4

కొంతవరకు అంతే. ఇంగ్లండులో పూర్వం ఇళ్లలో ఆడవారు కాచిన ఏల్ అనే మద్యంలో హాప్స్ పూలు ఉండేవి కావు, అందువల్ల అది కొద్ది రోజులకే పాడయ్యేది. 15వ శతాబ్దంలో సముద్రం ఆవలి నుంచి హాప్స్ వాడకం వచ్చాక నిలవ ఉండే బీర్ క్రమంగా పాత ఏల్ స్థానాన్ని ఆక్రమించింది. టీ ఇంకా కొత్తది. 1784లో పార్లమెంటు టీ మీద పన్నును 119 శాతం నుంచి 12.5 శాతానికి తగ్గించిన తరువాతే అది సామాన్యులకు చేరువైంది.

విస్కీ మాత్రం పాతదే. 1494 నాటి స్కాట్లాండ్ రాజఖజానా పద్దుల్లో, బట్టీ దించడానికి జాన్ కార్ అనే సన్యాసికి 8 బోల్‌ల (బోల్ అనేది పాత ధాన్యపు కొలత) మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, ఇచ్చినట్లు రాసి ఉంది. ఆ పేరు 'జీవజలం' అనే అర్థం గల గేలిక్ పదం నుంచి వచ్చింది. ఐర్లాండ్‌లో 1785లో మాల్ట్ మీద పన్ను పడడంతో, ఆ భారం తగ్గించుకోవడానికి బట్టీదారులు మొలకెత్తించని బార్లీని కూడా కలపడం మొదలుపెట్టారు. ఆ పన్ను ఎప్పుడో పోయింది. ఐరిష్ పాట్ స్టిల్ అనే రకం విస్కీలో పచ్చి బార్లీని ఇప్పటికీ కలుపుతూనే ఉన్నారు, ఆ ఘాటైన రుచి లేనిదే అది తమ విస్కీ కాదని వారు భావిస్తారు.