1808 ఇరవై కాసులు రెండున్నాయి: ఎర్రది ఉంచాలా, నల్లది ఉంచాలా?

మైపాడు గాలి:
ఈస్టిండియా కంపెనీ వాళ్ళ మద్రాసు రాగి నాణెం, ఇరవై కాసులది, 1808 నాటివి రెండున్నాయి. ఒకటి అమ్మేయాలి.
ఎర్రది ఆన్‌లైన్ వేలంలో కొన్నది. కంపెనీ చిహ్నంలోని సింహాల జూలు కూడా తెలుస్తా ఉంది, పార్సీ రాత మొత్తం చదవొచ్చు. కానీ ఒళ్ళంతా ఉప్పుకాగితం మాదిరి గరుకు. బరువు 8.81 గ్రాములు.
నల్లది నెల్లూరులో పాత ఇత్తడి సామాన్ల అంగట్లోది. సింహాలు అరిగి మొద్దుబారాయి, తేదీ మాత్రం బాగుంది, నున్నగా చాక్లెట్ రంగు. 8.74 గ్రాములు. ఏది ఉంచమంటారు?

పాతకాసు:
ఇందులో అడిగేదేముంది, ఎర్రది. జంటలో ఒకటి ఏరాలంటే ముందు ముద్ర చూడాలి. పది రెట్ల లెన్సు పెట్టి ఎత్తుగా ఉండే చోట్లు చూడు: జూలు, డాలు అంచు, సింహం మోకాళ్ళు. అరుగుదల మొదలయ్యేది అక్కడే. తర్వాత అంచు నొక్కులు, ఆ తర్వాతే రంగు. నల్లదాంట్లో సింహాలే పోయాయి, ఇంక మిగిలిందేంది?

కందుకూరోడు:
తొందరపడొద్దన్నా. పదునుగా ఉండి గరుగ్గా ఉన్న 1808 కాసు అనగానే అడగాల్సింది ఓడ సంగతి. ఈ కాసులు బర్మింగ్‌హామ్ సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద కొట్టారు. వాటిని మద్రాసుకు తెస్తా ఉన్న ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరాన గుడ్‌విన్ ఇసుక దిబ్బల దగ్గర మునిగింది. 1980ల్లో పీపాల కొద్దీ బయటికి తీశారు. ఇప్పుడు వేలాల్లో తిరిగే 1808 కాసుల్లో అవే బోలెడు. 1803 తేదీవైతే ఈ అనుమానమే రాదు.

పాతకాసు:
ఆ ఓడలోదేనని సర్టిఫికెట్ ఏదన్నా ఉందా? గరుకంటే ఎవరో ఆసిడ్‌లో ముంచి ఉండొచ్చు.

చింతచెట్టు:
నల్లదాన్ని చింతపండు పులుసులో రాత్రంతా నానేస్తే అదీ ఎర్రగా వస్తుంది. రెండూ సమానం అయిపోతాయి.

కందుకూరోడు:
బాబూ, ఆ పని చెయ్యమాకు. చింతపులుసు పైపొరని తినేసి పచ్చి రాగిని బయట పెడుతుంది. ఆ గులాబీ రంగు చూడగానే తెలిసినవాడు పక్కన పెట్టేస్తాడు. ఆ చాక్లెట్ పొర మళ్ళీ రావాలంటే ఏళ్ళు పడుతుంది.
సర్టిఫికెట్ ఎందుకు, తూకం చాలు. ఈ కాసు అసలు బరువు సుమారు 9.3 గ్రాములు. నల్లది చేతులు మారి అరిగి 8.74కి దిగింది, లెక్క సరిపోయింది. ఎర్రది అరగనే లేదు, మరి అర గ్రాము ఎటుపోయింది? ఉప్పునీళ్ళు తిన్నాయి.

పాతకాసు:
టంకశాలలోనే తక్కువ బరువు బిళ్ళ పడి ఉండొచ్చు కదా.

కందుకూరోడు:
సోహోలో అర గ్రామా? బిళ్ళల కొలత పక్కాగా ఉంటుందనే కదా వాళ్ళకి పేరు!

అద్దంకి:
రెండూ ఉంచుకో. కాసుకి ఎంత చోటు కావాలంట?

పాతకాసు:
ఇట్టాంటి సలహాలు వినే నా దగ్గర డబ్బా నిండా అరిగిన రాగి పోగైంది, కొనే దిక్కు లేదు. రేపు అమ్మబోతే ఎవడన్నా ‘నున్నగా ఉంది’ అని డబ్బిస్తాడా? ముద్రకే ఇస్తాడు.

కందుకూరోడు:
అదీ సంగతి! ఇంతసేపూ నువ్వు చూస్తా ఉండేది ధర. గాలి అన్నా, నీ ఆల్బం మీద ఏమని రాసుకున్నావో ముందు చెప్పు.

మైపాడు గాలి:
‘నెల్లూరు సీమలో చెల్లిన డబ్బు.’

కందుకూరోడు:
అయితే ఎర్రది నెల్లూరు కాదు గదా, మద్రాసు రేవు కూడా చూడలేదు. 1801లో ఆర్కాటు నవాబు నుంచి ఈ సీమ కంపెనీ చేతికొచ్చింది. ఆ తర్వాత సంతల్లో తిరిగిన డబ్బు నల్లదే. అరుగుదలే దాని సాక్ష్యం. 1786లో నెల్లూరు దగ్గర రైతు నాగలికి తగిలిన రోమన్ బంగారు నాణేలు తెలుసు కదా, కొన్ని అప్పుడే కొట్టినట్టున్నాయి, కొన్ని అరిగి తొల్లెలు పడి ఉన్నాయి. ఇక్కడోళ్ళు మెళ్ళో వేసుకున్నారేమో అనిపించేది ఆ తొల్లెలు పడ్డవాటిని చూస్తేనే.

పాతకాసు:
ఇత్తడి అంగట్లో దొరికితే నెల్లూరులో చెల్లినట్టా? ఆ తుక్కు సేలం నుంచి రావచ్చు, మద్రాసు నుంచి రావచ్చు. సాక్ష్యం సాక్ష్యం అంటావు, నీదీ ఊహేగా.

కందుకూరోడు:
ఒప్పుకుంటా. చీటీ మీద ‘నెల్లూరులో కొన్నది’ అని రాయాలి, ‘నెల్లూరులో చెల్లింది’ అని కాదు. అయినా ఎర్రది మాత్రం ఎక్కడా చెల్లలేదు.

మైపాడు గాలి:
నల్లది ఉంచుతున్నా. ఒక్క మాట, ఎర్రదాని తేదీ సందులో లేత పచ్చ పొడి ఉంది, సూది తగిలితే రాలుతోంది.

కందుకూరోడు:
అది క్లోరైడు, ఉప్పు వల్ల రాగికి పట్టే తెగులు. మన సముద్రపు గాలిలో తేమ తగిలేకొద్దీ లోపలికి తింటానే ఉంటుంది. ఈ రోజే నల్లదాని పక్కనుంచి తియ్యి. డిస్టిల్డ్ వాటర్‌లో వేసి రోజూ నీళ్ళు మార్చు, కొన్ని వారాలు పడుతుంది. బాగా ఆరాక సిలికా జెల్‌తో గాలి చొరని డబ్బాలో పెట్టు. పీవీసీ కవర్లు వద్దు, అవీ పచ్చ జిడ్డు కక్కుతాయి. మైలార్ కవర్లు వాడు, అది పీవీసీ లేని ప్లాస్టిక్. అమ్మేటప్పుడు చీటీలో ఓడ అనుమానం, పచ్చ పొడి రెండూ రాయి.

పాతకాసు:
అవి రాస్తే సగం ధర కూడా రాదు.

మైపాడు గాలి:
రాసే అమ్ముతా.

పాతకాసు:
సరే. కానీ ఆ తూకం ఏ త్రాసు మీద చూశావు? 0.01 గ్రాము చూపించేదేనా?